స్టీరియో మార్చాక బ్యాటరీ దిగిపోతోంది, ఎఫ్‌ఎంలో బరబర. ఎక్కడ వెతకాలి?

అందరికీ నమస్కారం. మాది పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, ఉండేది మియాపూర్‌లో. రాణిగంజ్‌లో ఆండ్రాయిడ్ స్టీరియో, డ్యాష్‌క్యామ్, ఎల్‌ఈడీ హెడ్‌లైట్ బల్బులు వేయించినప్పటి నుంచి తిప్పలే. శని, ఆదివారాలు బండి తీయకపోతే సోమవారం పొద్దున సెల్ఫ్ టకటకమంటుంది తప్ప ఇంజిన్ అందుకోదు. బ్యాటరీ కొత్తదే. ఇంజిన్ నడుస్తుంటే 14.2 వోల్టులు చూపిస్తోంది కాబట్టి బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్ మీద అనుమానం లేదు.

బండి లాక్ చేసి, అరగంట ఆగి మల్టీమీటర్ పెడితే 400 మిల్లీఆంప్స్ లాగుతోంది. మామూలుగా 50 లోపే ఉండాలి కదా! స్టీరియో ఫ్యూజ్ పీకితే 30కి పడిపోతోంది. స్టీరియోకి ఎప్పుడూ కరెంటు ఉండాల్సిన పసుపు వైరు, కీ తిప్పితేనే రావాల్సిన ఎరుపు వైరు రెండూ కలిపి డైరెక్ట్ కరెంటుకే ఇచ్చేశారేమో? డ్యాష్‌క్యామ్ కూడా అక్కడి నుంచే లాగి ఉంటారు. ఎరుపు వైరునూ, క్యామ్‌నూ కీ తిప్పితేనే కరెంటు వచ్చే ఫ్యూజ్‌కి మారిస్తే సరిపోతుందా?

ఇంకోటి, లో బీమ్ వేస్తే చాలు, ఎఫ్‌ఎంలో ఒకటే బరబర. ఇది ఎల్‌ఈడీ బల్బులకు కరెంటు సరిచేసి ఇచ్చే డ్రైవర్ సర్క్యూట్ల పనే అనిపిస్తోంది. వైరుకి ఫెరైట్ కోర్ (ఇలాంటి రొద తగ్గించే రింగు) తొడిగితే తగ్గుతుందా, పాత హాలోజన్‌లే నయమా? షాపువాళ్లేమో "అన్ని బండ్లకూ అంతే సార్" అంటున్నారు.

వైర్లు కోయకుండా కప్లర్లతో (ప్లగ్‌లా తగిలించే కనెక్టర్లతో) పనిచేసే ఎలక్ట్రీషియన్ కూకట్‌పల్లి వైపు ఎవరైనా ఉంటే చెప్పండి.