మానేసిన మనిషికి మళ్లీ బార్ చూపిస్తారా?

మా బావ మందు మానేసి నాలుగు నెలలైంది, కానీ వైన్ షాప్ ముందు నుంచి వెళ్తే చాలు మనసు లాగేస్తుందంట. ఇప్పుడు కౌన్సిలింగ్‌లో కళ్లకి వీఆర్ (కంప్యూటర్ బొమ్మల్ని నిజంగా ఎదురుగా ఉన్నట్టు చూపించే కళ్లద్దాలు) పెట్టి బార్ చూపిస్తాం అంటున్నారు. ఇదేంటండీ, ఎవరైనా చేయించుకున్నారా?

సైకాలజీ స్టూడెంట్: దీన్ని క్యూ ఎక్స్‌పోజర్ అంటారండీ. గ్లాసులో ఐసు చప్పుడు, "ఒక్క పెగ్గే రా" అనే ఫ్రెండు, అన్నీ చూపించి కోరిక పుట్టనిస్తారు, తాగకుండా కూర్చుంటే కాసేపటికి అదే దిగుతుంది, ఎలా వద్దనాలో కూడా అక్కడే ప్రాక్టీస్. కౌన్సిలర్ లేకుండా ఇంట్లో ట్రై చేయొద్దు.

పాత తాగుబోతు: నాకు ఫస్ట్ టైమ్ తల తిరిగింది. సీసా చూస్తే ఏం కాలేదు గానీ పల్లీల ప్లేటు చూడగానే నోరూరింది, నా ట్రిగ్గర్ అదని అప్పుడే తెలిసింది 😀

ఇంకొకరు: డాక్టర్ రాసిన మందులు మాత్రం ఆపించకండి, ఇది వాటికి బదులు కాదు. డౌటుంటే మత్తు అలవాట్లు మాన్పించే జాతీయ హెల్ప్‌లైన్ 14446కి కాల్ చేయండి, డబ్బులేం కట్టక్కర్లేదు.