సౌదీకి ఆజాద్ వీసా మీద పోవాలా, కంపెనీ వీసా మీద పోవాలా?

జగిత్యాల తమ్ముడు:
మా అన్న టైల్స్ మేస్త్రి. తొమ్మిదో తరగతితో చదువు ఆపేశాడు, అందుకే పాస్‌పోర్టు ఈసీఆర్, అంటే గల్ఫ్ పనికి పోవాలంటే మన సర్కారు క్లియరెన్సు కావాలి. ముందు రెండు దారులున్నాయి. ఒకటి, ఏజెంటు ద్వారా రియాద్‌లో కంపెనీ వీసా. జీతం 1,300 రియాళ్లు, తిండికి 300, క్యాంపులో రూము. ఏజెంటు 90 వేలు అడుగుతున్నాడు. రెండోది, అక్కడే ఉంటున్న మా ఊరాయన ఇప్పిస్తానంటున్న ఆజాద్ వీసా. దానికి 2 లక్షల 10 వేలు. కఫీల్‌కు, అంటే వీసా తీసిన సౌదీ యజమానికి, ఏడాదికింత అని కట్టేస్తే ఎక్కడైనా పని చేసుకోవచ్చట, నెలకు 3,000 రియాళ్లకు తగ్గదట. ఇంట్లో రోజూ ఇదే లొల్లి. పోయొచ్చినవాళ్లు చెప్పండి.

రియాద్ పాత కాపు:
తమ్ముడూ, ఆజాద్ వీసా అని సౌదీ సర్కారు ఇచ్చే వీసా ఏదీ లేదు. ఎవరో ఒక సౌదీ తన దుకాణానికో ఇంటికో మనిషి కావాలని చూపించి వీసా తీస్తాడు. అది చేతులు మారి మన ఊరికొస్తుంది. మనిషి దిగాక "నీ పని నువ్వు చూసుకో, నా పైసలు నాకియ్యి" అంటాడు. అక్కడి కార్మిక చట్టం 39వ అధికరణం ప్రకారం సొంత కఫీల్‌ను వదిలి బయట పనిచేయడం తప్పు, పనిలో పెట్టుకున్నవాడిదీ తప్పే. 40వ అధికరణం ప్రకారం అకామా (అక్కడ ఉండటానికిచ్చే కార్డు) ఫీజు, రెన్యూవల్, తిరుగు టికెట్ యజమాని పెట్టుకోవాలి. ఆజాద్‌లో అవన్నీ మన జేబులోంచే.

ఇక ఆ 3,000 సంగతి. బయట మేస్త్రికి రోజుకు 120 అనుకో, 26 రోజులకు 3,120. మీ ఊరాయన చెప్పే లెక్క ఇదే. కానీ 26 రోజులు పని ఎవరికి దొరుకుతుంది? రంజాన్‌లో పని సగం పడిపోతుంది. మెటీరియల్ రాలేదని కాంట్రాక్టర్ నాలుగు రోజులు కూర్చోబెడతాడు. 20 రోజులు దొరికితే 2,400. అందులో రూముకు 300, తిండికి 400, బండికి 200. కఫీల్‌కు, అకామాకు, ఇన్సూరెన్సుకు కలిపి ఏడాదికి 6,000 వేసుకున్నా నెలకు 500. చేతిలో మిగిలేది 1,000. కంపెనీలో 1,600 వస్తే తిండి పోను 1,200. ఓటీ (ఓవర్‌టైం) దొరికితే ఆ పైన. అప్పు కూడా సగానికి తక్కువ.

బత్హా భాయ్:
అన్నా, మీరు వేసింది మొదటి ఏడాది లెక్క. నేనూ ఆజాద్ మీదే వచ్చాను. మొదట్లో రియాద్‌లోని బత్హాలో పొద్దున్నే రోడ్డు మీద నిలబడి పని దొరక్క తిరిగొచ్చిన రోజులున్నాయి, కాదనను. కానీ నలుగురు కాంట్రాక్టర్లు తెలిశాక మీటరు లెక్కన పట్టుకోవడం మొదలుపెట్టాను. మీటరుకు 15 రియాళ్లు, హాలు పెద్దదైతే రోజుకు 20 మీటర్లు పడతాయి. బాత్రూములైతే కోతలతోనే రోజు పోతుంది, వాటికి రేటు వేరే మాట్లాడుకుంటా. కంపెనీలో పదేళ్లున్నా బేసిక్ మీద వంద పెరిగితే గొప్ప.

పైగా కంపెనీ అంటే భద్రమని ఎవరన్నారు? 2016లో సౌదీ ఓజర్ లాంటి పెద్ద కంపెనీ చతికిలపడితే వేలమంది మనవాళ్లు నెలల తరబడి జీతాల్లేక జెద్దా వైపు క్యాంపుల్లో ఇరుక్కున్నారు. తిండి కూడా మన కాన్సులేట్ పంపాల్సి వచ్చింది. వాళ్లందరివీ కంపెనీ వీసాలే కదా? నా రూములో ఒకతనికి ఇండియాలో 1,200 కాగితం చూపించారు, దిగాక 800కు సంతకం పెట్టించుకున్నారు.

సిరిసిల్ల అక్క:
మా వైపు గల్ఫ్ పోయేవాళ్ల కాగితాలు చాలా చూస్తుంటాను. తమ్ముడూ, జీతం సంగతి తర్వాత. ఆ ఆజాద్ వీసా కాపీలో వృత్తి అని ఒక గడి ఉంటుంది. అందులో ఏముందో చూసి చెప్పు.

జగిత్యాల తమ్ముడు:
అక్కా, అరబీ చదివే ఆయనకు చూపించాను. "సాయక్ ఖాస్" అని ఉందట. ఇంటి డ్రైవర్ అన్నాడు. మా అన్నకు బైకు తప్ప ఏదీ నడపరాదు!

సిరిసిల్ల అక్క:
అనుకున్నా. ఇంటి డ్రైవర్, తోటమాలి, కాపలావాడు, గొర్రెల కాపరి, వీళ్లు సౌదీ కార్మిక చట్టం కిందికి రారు, ఇంటి పనివాళ్ల లెక్కలోకి పోతారు. కఫీల్ అనుమతి లేకుండా ఉద్యోగం మారొచ్చని 2021 మార్చి 14 నుంచి సౌదీ ఇచ్చిన వెసులుబాటు వీళ్లకు లేదు. ఆజాద్ పేరుతో ఇలాంటి వీసాలే ఎందుకు తిరుగుతాయో తెలుసా? దుకాణం పేరు మీద మనిషిని పెడితే సర్కారుకు లెవీ కట్టాలి, అది 2020 నుంచి మనిషికి నెలకు 800 రియాళ్ల దాకా ఉంది. చిన్న సంస్థలకు కొంతమంది వరకు మినహాయింపు ఉందనుకో. ఇంటి మనిషిగా చూపిస్తే కఫీల్‌కు ఆ బాధ చాలావరకు ఉండదు. మీ అన్న ఏ బిల్డింగులోనో టైల్స్ వేస్తూ దొరికితే, డ్రైవర్ అకామా చూపించి ఏం సమాధానం చెబుతాడు?

రాజంపేట డ్రైవర్:
కువైట్‌లోనూ ఇదే కథ. మా కడప, రాయచోటి వైపు నుంచి వచ్చేవాళ్లలో చాలామందివి ఖాదిం వీసాలు, అంటే ఇంటి పనివాళ్ల 20 నంబరు. చేసేది బయట హోటల్లోనో షాపులోనో. 2024లో జూలై 14 నుంచి సెప్టెంబరు 12 వరకు 20 నుంచి 18కి, అంటే కంపెనీల్లో పనిచేసే షూన్ వీసాకు మారే అవకాశం ఇచ్చారు. కఫీల్ ఒప్పుకోవాలి, అతని దగ్గర ఏడాది పూర్తయి ఉండాలి, 50 దీనార్ల ఫీజు. ఒప్పుకోవడానికి కొందరు కఫీళ్లు అడిగిన రేటు వింటే కళ్లు తిరుగుతాయి. గడువు అయిపోయాక మారనివాళ్లంతా మళ్లీ చెకింగు ఎక్కడుందో కనుక్కుంటూ బతకడమే.

మనామా మేస్త్రి:
తప్పు కూలివాడిదా, పద్ధతిదా? బహ్రెయిన్ 2017లో ఫ్లెక్సీ పర్మిట్ తెచ్చింది. ఎవడి కఫీల్ వాడే. సర్కారుకు నెలకు 30 దీనార్లు కట్టు, నచ్చినచోట చేసుకో. ఆజాద్ వీసానే చట్టబద్ధం చేసినట్టు. నా దోస్తులు చాలామంది దానితో తలెత్తుకుని తిరిగారు. 2022 అక్టోబరులో దాన్ని ఆపేసి రిజిస్టర్డ్ వర్కర్ అని ఇంకో పద్ధతి పెట్టారు. సౌదీ కూడా అలాంటిది తెస్తే ఈ చర్చే ఉండదు.

రియాద్ పాత కాపు:
మేస్త్రీ, పని లేని నెల కూడా ఆ 30 దీనార్లు కట్టాల్సిందేగా? దెబ్బ తగిలితే యజమాని ఎవరు? స్వేచ్ఛ పేరుతో యజమాని బాధ్యత మొత్తం కూలివాడి నెత్తిన పెట్టారు. అయినా బహ్రెయిన్‌లో ఉన్నది చట్టం. రియాద్‌లో ఇతని అన్నకు వచ్చేది కఫీల్ నోటిమాట. రేపు ఆ కఫీల్ ఇంకో రెండు వేలు అడుగుతాడు. ఇవ్వనంటే హురూబ్ పెడతాడు, అంటే మనిషి పారిపోయాడని ఫిర్యాదు. తర్వాత అకామా రెన్యూ కాదు, ఇంటికి రావాలన్నా జైలు మీదుగానే రావాలి.

కొత్త మెంబర్:
మధ్యలో వస్తున్నా. ఈ తలనొప్పి లేకుండా దుబాయ్ విజిట్ మీద పోయి పని వెతుక్కుంటే?

రాజంపేట డ్రైవర్:
వెతుక్కోవచ్చు, చేయకూడదు. పర్మిట్ లేనివాడిని పనిలో పెట్టుకుంటే యజమానికి లక్ష నుంచి 10 లక్షల దిర్హాముల జరిమానా అని 2024లో చట్టం మార్చారు. ఈసీఆర్ పాస్‌పోర్టుతో ఎయిర్‌పోర్టులో అడిగే ప్రశ్నలు సరేసరి.

బత్హా భాయ్:
అందరూ చట్టం చట్టం అంటున్నారు. ఇండియాలో ఏజెంటు తీసుకోవాల్సింది 30 వేలు, దానిమీద జీఎస్టీ. మొత్తం 35,400. ఇతని దగ్గర అడిగింది 90 వేలు. అక్కడ గుర్తుకురాని చట్టం ఆజాద్ దగ్గరే గుర్తుకొస్తుందా? ఉద్యోగం మారడమూ కాగితం మీదే సులువు. ట్రాన్స్‌ఫర్ పెడతాననగానే హురూబ్ పెడతానని బెదిరించే కంపెనీలు నాకు తెలుసు.

సిరిసిల్ల అక్క:
90 వేలు తప్పే, ఆ మాట నేనూ ఒప్పుకుంటా. కానీ బెదిరింపు ఉన్నా కంపెనీ మనిషి చేతిలో ఏదో ఒకటి ఉంటుంది. ఒప్పందం సౌదీ సర్కారు కివా పోర్టల్‌లో ఎక్కించి ఉంటే, ఏడాది నిండాక 90 రోజుల నోటీసుతో వేరే కంపెనీకి మారొచ్చు. మూడు నెలలు వరుసగా జీతం ఇవ్వకపోయినా, అకామా గడువు దాటించినా ఆ ఏడాది కూడా ఆగక్కర్లేదు. భాయ్ చెప్పిన మీటరు రేటు సంపాదన నాకూ ముద్దే. పని చేతిలో ఉన్నవాడు ఏడాది ఓపిక పడితే మంచి జీతమిచ్చే చోటికి మారొచ్చు.

జగిత్యాల తమ్ముడు:
ఆజాద్ మీద పోతే ఇన్సూరెన్సు కూడా రాదట కదా?

సిరిసిల్ల అక్క:
అది సగమే నిజం. ప్రవాసీ భారతీయ బీమా యోజన మన సర్కారుది. రెండేళ్లకు 275, మూడేళ్లకు 375 రూపాయల ప్రీమియం. ప్రమాదంలో చనిపోయినా, శాశ్వత వైకల్యం వచ్చినా 10 లక్షలు. యజమాని మారినా చెల్లుతుంది. గల్ఫ్‌లో చనిపోయినవాళ్ల కుటుంబానికి తెలంగాణ సర్కారు ఇచ్చే 5 లక్షలు వేరే. రానిది ఏమిటంటే పనిలో దెబ్బకు అక్కడి యజమాని తరఫున రావాల్సిన పరిహారం. పరంజా మీద నుంచి పడితే ఆ బిల్డింగు కాంట్రాక్టర్ "ఇతను నా మనిషి కాదు" అంటాడు, కఫీల్ "నేను డ్రైవర్‌ను తెచ్చుకున్నా" అంటాడు.

జగిత్యాల తమ్ముడు:
ఈరోజు ఏజెంటును రసీదు అడిగాను. 35,400కు బిల్లు ఇస్తాడట, మిగతాది చేతికి ఇవ్వాలట. అన్న మాత్రం ఇంకా ఊరాయన మాట మీదే ఉన్నాడు. "ఆయన ఇల్లు కట్టలేదా" అంటున్నాడు.

రియాద్ పాత కాపు:
ఆయన ఎన్నేళ్లకు కట్టాడో, ఎన్ని వీసాలు ఊళ్లో అమ్మాక కట్టాడో కూడా కనుక్కో.

బత్హా భాయ్:
అందరూ అమ్ముకునేవాళ్లే కాదన్నా. అయితే తమ్ముడూ, డ్రైవింగు రానివాడికి సాయక్ ఖాస్ వీసా పంపేవాడిని నేనూ నమ్మను. ఆజాదే కావాలంటే కనీసం దుకాణం పేరు మీద, మేస్త్రి వృత్తితో ఉన్నది చూడు.

సిరిసిల్ల అక్క:
అదీ వద్దు. ముందు ఆ ఏజెంటు లైసెన్సు నంబరు మన సర్కారు ఈ-మైగ్రేట్ సైటులో వేసి చూడు. నంబరు లేకపోయినా, బిల్లుకు మించి అడిగినా అక్కడే ఫిర్యాదు పెట్టొచ్చు. హైదరాబాద్‌లో విదేశీ ఉద్యోగాలకు పంపే టామ్‌కామ్ తెలంగాణ సర్కారు సంస్థే, అక్కడా పేరు రాయించు. కాకపోతే సౌదీ టైల్స్ పనికి ఎప్పుడు పిలుస్తారో చెప్పలేం.

రియాద్ పాత కాపు:
కంపెనీ ఒప్పందం కాపీ తీసుకుని అరబీ వైపు చదివించు. వృత్తి దగ్గర "ముబల్లిత్", అంటే టైల్స్ మేస్త్రి, అని ఉండాలి, "ఆమిల్" అని ఉంటే ఉత్త కూలీ కింద లెక్క. బేసిక్ 1,300 అని అంకెల్లో ఉందా, ఓటీ గంటలు రాశారా చూడు. పాస్‌పోర్టు నంబరు కప్పేసి ఫోటో ఇక్కడ పెట్టు, రాత్రి డ్యూటీ అయ్యాక చూస్తా.