సమస్యాపూరణం: చేతి తీఁగలోనఁ జిక్కె వేళ

ఈ వారం సమస్య ఆటవెలది నాలుగవ పాదం: "చేతి తీఁగలోనఁ జిక్కె వేళ". పూరణ గ్రేస్ హాపర్ జీవితానికి అన్వయించాలి. 1934లో యేల్ విశ్వవిద్యాలయం నుండి గణితంలో డాక్టరేట్ పొంది, వాసర్ కళాశాలలో పాఠాలు చెబుతూ, యుద్ధకాలంలో 1943లో అమెరికా నౌకాదళ రిజర్వులో చేరి, మరుసటి ఏడాది హార్వర్డ్‌లో మార్క్ 1 అనే తొలితరం కంప్యూటర్ యంత్రానికి తొలి ప్రోగ్రామర్లలో ఒకరైన విదుషీమణి ఆమె. 1952లో ఏ-0 కంపైలరును (ప్రోగ్రామును యంత్రానికి అర్థమయ్యే సూచనలుగా మార్చే సాధనాన్ని) నిర్మించారు. ఆమె రూపొందించిన ఫ్లో-మాటిక్ అనే ప్రోగ్రామింగ్ భాషే కోబాల్ భాషకు ముఖ్యమైన ఆధారమయింది. ఆమె ఉపన్యాసాలలో పంచిన తీగముక్క ఏమిటో తెలిస్తే సమస్య చిక్కు విడిపోతుంది.

పూరణ 1 (విశ్రాంత గణితోపాధ్యాయిని)

సెకను నూఱు కోట్లు చేయ నం దొకపాలు
వెలుఁగు పరువు లిడెడు వీథి యంత
కొలిచి కోసి పంచెఁ గోమలి హాపరు
చేతి తీఁగలోనఁ జిక్కె వేళ

నిర్వాహకుడు: అమ్మా, చక్కని పూరణ. నానోసెకనులో, అంటే సెకనులో నూరు కోట్లవ వంతులో, కాంతి శూన్యంలో గరిష్ఠంగా 11.8 అంగుళాలు పోతుంది; ఆమె పంచిన తీగముక్క పొడవు అదే. తీగలో విద్యుత్సంకేతం అంతకన్న నిదానం కనుక "వెలుఁగు" అనడమే సరైనది. అయితే "కోమలి" యతి కోసం వచ్చిన పదంగా తోస్తున్నది. 1986లో 79 ఏళ్ల వయసున రియర్ అడ్మిరల్ హోదాలో పదవీ విరమణ చేసిన వ్యక్తికి అది నప్పదు. "గోవిద హాపరు" అంటే గణమూ యతీ చెడకుండా ఆమె పాండిత్యమూ పలుకుతుంది.

ఉపాధ్యాయిని: సవరణకు ధన్యవాదాలు గురువుగారూ. స్వీకరించాను.

పూరణ 2 (సాఫ్ట్‌వేర్ ఉద్యోగి)

పురుగు నొకటి పట్టి పుస్తకమ్మున నంటఁ
జేసె హాపరమ్మ చెదరకుండ
యంత్ర మాగె నంచు నందఱు వెదకిన
చేతి తీఁగలోనఁ జిక్కె వేళ

నిర్వాహకుడు: నాయనా, నడక బాగున్నది గాని అన్వయం కుదరలేదు. చిక్కినది పురుగా, వేళా? పురుగయితే చివరి "వేళ" ఒంటరిగా మిగిలిపోతున్నది. చరిత్ర పరంగానూ చిక్కుంది. 1947 సెప్టెంబరు 9న మార్క్ 2 యంత్రంలో చిమ్మట దొరికింది తీగలో కాదు, ఎఫ్ ప్యానెల్‌లోని 70వ రిలేలో (విద్యుత్తుతో పనిచేసే మీటలో). దానిని పట్టి దినచర్య పుస్తకంలో టేపుతో అంటించినది ఆపరేటర్లని చెబుతారు. హాపర్ ఆ కథను ఎంతో ఇష్టంగా చెప్పేవారు. ఇతరుల పనిని ఆమెకు ఆపాదించి ఆమెను గొప్ప చేయనక్కరలేదు, సొంత ఘనతే చాలినంత ఉన్నది. మరొక ప్రయత్నం చేయండి.

పూరణ 3 (నౌకాదళ విశ్రాంత అధికారి)

నావికాధిపతులు నాఁడడిగి రిటుల
వార్త నింగిఁ దాఁకి వచ్చు సరికి
జాగ దేల యనఁగ సాక్ష్యముఁ జూపిన
చేతి తీఁగలోనఁ జిక్కె వేళ

నిర్వాహకుడు: ఆర్యా, మూడవ పాదం సమస్యలోకి జారిపోయిన తీరు నాకెంతో నచ్చింది. ఉపగ్రహం ద్వారా వచ్చే సందేశానికి ఆలస్యమెందుకని అడ్మిరల్‌లు అడిగితే, ఇక్కడి నుండి అక్కడికి ఇటువంటి తీగముక్కలు ఎన్ని పరచాలో ఊహించుకోమని ఆమె నచ్చచెప్పేవారు. వాసర్‌లో బల్లల ముందు నిలిచిన గణితాధ్యాపకురాలు నౌకాదళపు దుస్తులలోనూ పాఠం మానలేదు.

పూరణ 2కు మారుగా (సాఫ్ట్‌వేర్ ఉద్యోగి)

వ్రాయువార! మీదు బల్లపై వ్రేలాడఁ
గట్టి చూడుఁ డనుచుఁ గఱపె నామె
పాఱవైచు కాలభాగమ్ముఁ దెలిపెడి
చేతి తీఁగలోనఁ జిక్కె వేళ

నిర్వాహకుడు: ఇప్పుడు అన్వయం నిలిచింది. మైక్రోసెకనుకు (వెయ్యి నానోసెకన్లకు) సరిపడే 984 అడుగుల తీగచుట్టను పైకెత్తి చూపి, ప్రోగ్రాము రాసే ప్రతివారి బల్లపైనా ఇది వేలాడాలని, అప్పుడే వారు వృథాగా విసిరేస్తున్నదేమిటో వారికి తెలుస్తుందని ఆమె అనేవారు. "వ్రాయువార" అంటే కవులని కొందరు పొరబడవచ్చు గాని, సందర్భం స్పష్టంగా ఉన్నందున మార్చనక్కరలేదు. అభినందనలు.