అమ్మ రిపోర్టులో టోటల్ ప్రోటీన్ 8.6: పప్పు, గుడ్లు మానిపించాలా?

ప్రశ్న (గుంటూరు):
అమ్మకు 58 ఏళ్లు. కొంతకాలంగా నీరసంగా ఉంటోందని కొత్తపేటలో రక్తపరీక్షలు చేయించాం. టోటల్ ప్రోటీన్ 8.6, ఆల్బుమిన్ 3.4, గ్లోబ్యులిన్ 5.2, ఏ/జీ రేషియో (ఆల్బుమిన్, గ్లోబ్యులిన్ల నిష్పత్తి) 0.65 వచ్చాయి. డాక్టరు గారు సోమవారం గానీ దొరకరు. ప్రోటీన్ ఎక్కువైంది కాబట్టి పప్పు, గుడ్లు ఆపేయమని పక్కింటివాళ్లు చెప్పారు. అమ్మ మజ్జిగన్నంతోనే సరిపెట్టుకుంటోంది. ఎండలకు ఒంట్లో నీరు తగ్గినా ఇలా పెరుగుతుందట కదా, అదే అయ్యుంటుందా?

జవాబు (విజయవాడ, ల్యాబ్ ఉద్యోగి):
ముందు అమ్మగారికి పప్పన్నం పెట్టండి. తిన్న ప్రోటీన్ పేగుల్లో అమైనో ఆమ్లాలుగా విడిపోయాకే రక్తంలో కలుస్తుంది. ఈ పరీక్ష కొలిచేది శరీరం తానే తయారుచేసుకున్న ప్రోటీన్లను. ఆల్బుమిన్‌ను కాలేయం తయారుచేస్తుంది. గ్లోబ్యులిన్లలో యాంటీబాడీలది పెద్ద వాటా.

మామూలుగా డెసిలీటరుకు మొత్తం 6 నుంచి 8.3 గ్రాములు, ఆల్బుమిన్ 3.5 నుంచి 5, గ్లోబ్యులిన్ 2 నుంచి 3.5 ఉంటాయి. ల్యాబును బట్టి ఈ హద్దులు కాస్త మారతాయి. మొత్తం అంకె కన్నా దాని కింది రెండు వరుసలే అసలు సంగతి చెబుతాయి. ఒంట్లో నీరు తగ్గితే రక్తం చిక్కబడి రెండూ కలిసి పెరుగుతాయి. మీ అమ్మగారికి ఆల్బుమిన్ తగ్గి, గ్లోబ్యులిన్ బాగా పెరిగింది. కాబట్టి ఎండ మీదికి నెట్టేసి ఊరుకోకండి.

క్షయ లాంటి దీర్ఘకాలిక ఇన్‌ఫెక్షన్, కీళ్లవాతం, కాలేయ జబ్బు, కొందరిలో మైలోమా అనే ఎముక మజ్జ క్యాన్సర్ వల్ల ఇలా రావచ్చు. ఏదో తేల్చడానికి సీరం ప్రోటీన్ ఎలక్ట్రోఫోరెసిస్ (రక్తంలోని ప్రోటీన్లను రకాలవారీగా విడదీసి గ్రాఫుగా చూపే పరీక్ష) అవసరమా అని డాక్టరు గారిని తప్పక అడగండి. ఆ గ్రాఫులో చివరన ఉండే గామా భాగం వెడల్పుగా ఉబ్బితే రకరకాల యాంటీబాడీలు పెరిగాయన్నమాట. ఇన్‌ఫెక్షన్, కీళ్లవాతం, కాలేయం వైపు వెతుకుతారు. సన్నగా, నిటారుగా ఒకే శిఖరం లేస్తే ఒకే రకం యాంటీబాడీ పెరిగిందని అర్థం. అప్పుడు రక్తవ్యాధుల నిపుణులకు చూపించాలి.

ప్రశ్న అడిగినవారు:
చాలా థాంక్సండీ. హిమోగ్లోబిన్ 9.2 ఉంది. నడుం నొప్పి కూడా ఉందంటోంది. మందుల షాపులో అడిగి నొప్పి మాత్రలు వేసుకుంటోంది.

జవాబు:
ఆ మాత్రలు ఇవాళే ఆపించి, నొప్పికి ఏం వాడాలో ఫోనులోనైనా డాక్టరును అడగండి. మూత్రపిండాలు ఎలా ఉన్నాయో తెలియకుండా అవి వాడటం మంచిది కాదు. నడుం నొప్పి, రక్తహీనత రెండూ ఉన్నాయి కాబట్టి సోమవారం దాటనివ్వకండి. క్రియాటినిన్ (మూత్రపిండాల పనితీరు చెప్పే పరీక్ష), కాల్షియం, ఈఎస్‌ఆర్ (ఒంట్లో వాపును సూచించే పరీక్ష), కాలేయ పరీక్షలు, మూత్రంలో ప్రోటీన్ గురించి కూడా అడగండి. ఆల్బుమిన్ తగ్గినవారికి కాల్షియం ఉన్నదానికన్నా తక్కువగా కనిపిస్తుంది. ఆల్బుమిన్ 4 కన్నా ఒక గ్రాము తగ్గితే సుమారు 0.8 మిల్లీగ్రాములు కలిపి చూస్తారు. ఈలోగా కాళ్లు పట్టు తప్పినా, మూత్రం తగ్గినా, మాట తడబడి మగతగా ఉన్నా సోమవారం దాకా ఆగకుండా వెంటనే అత్యవసర విభాగానికి తీసుకెళ్లండి.