ఇంట్లోని వస్తువులతో ఫోన్ ఫోటోగ్రఫీ సాధన: నా ఫోటోలకు జీవం ఎందుకు రావడం లేదు?

ప్రశ్న

నమస్కారం. రెండు నెలలుగా ఫోన్ కెమెరాతో ఇంట్లోని వస్తువులను ఫోటోలు తీస్తూ సాధన చేస్తున్నాను. చెంచాలు, గాజు గ్లాసులు, జల్లెడ, తాళంచెవులు, ఇలా చేతికందినవన్నీ తీశాను. ఏ ఫోటో చూసినా అది ఫలానా వస్తువని తెలుస్తోందే తప్ప మళ్ళీ చూడాలనిపించడం లేదు. తీరిక రాత్రిపూటే దొరుకుతుంది కనుక గదిలో ట్యూబులైటు కిందే తీస్తుంటాను. దగ్గరకు వెళితే బొమ్మ మసకబారుతోంది, దూరం జరిగితే వెనకనున్న సామానంతా ఫ్రేములోకి వచ్చేస్తోంది. కొత్త పరికరాలేవీ కొనకుండా ఈ సాధనను ఎలా మెరుగుపరుచుకోవాలో అనుభవజ్ఞులు చెప్పగలరా?

సమాధానం 1

మీరు వస్తువులను మారుస్తున్నారు గానీ వెలుతురును మార్చడం లేదు, అసలు చిక్కు అక్కడే ఉందని నాకు అనిపిస్తోంది. పైకప్పు దగ్గరి దీపం కింద నీడ వస్తువు అడుగునే దాగిపోతుంది, నీడ కనబడని వస్తువుకు గుండ్రదనమూ లోతూ కనబడవు. ఛాయాచిత్రకారుడు ఆంద్రే కెర్తేస్ 1928లో తీసిన ఒక ప్రసిద్ధ ఛాయాచిత్రంలో పళ్లెం అంచుకు ఆనించిన ఒక ఫోర్కు, దాని నీడ తప్ప మరేమీ లేవు. ఆ చిత్రాన్ని కాసేపు నిదానంగా చూడమని కోరుతున్నాను.

సెలవు రోజున గది దీపాలన్నీ ఆర్పి, ఒకే కిటికీ పక్కన ఒకే వస్తువును పెట్టండి. దీపాలు ఆర్పమనడానికి కారణం ఉంది: పగటి వెలుతురు, దీపం వెలుతురు వేర్వేరు రంగుల్లో ఉంటాయి కనుక రెండూ కలిస్తే ఏదో ఒక వైపు రంగు తేడాగా వస్తుంది. కిటికీకి ఎదురువైపు తెల్ల కాగితం నిలబెడితే నీడ పలచబడుతుంది, నల్లగుడ్డ పెడితే చిక్కబడుతుంది. కిటికీకి బాగా దగ్గరగా ఉన్న వస్తువు మీద పడే వెలుతురుతో పోలిస్తే గది లోపలి గోడకు చేరేది చాలా తక్కువ కాబట్టి, ఎక్స్‌పోజర్‌ను (కెమెరా తీసుకునే వెలుతురు మోతాదును) వస్తువుకు తగ్గట్టు పెట్టుకుంటే వెనకనున్న సామాను దానంతటదే చీకట్లో కలిసిపోతుంది. వారం పాటు వస్తువును మార్చకండి.

సమాధానం 2

పై సలహాతో ఏకీభవిస్తూ ఫోన్‌కు సంబంధించిన కొన్ని విషయాలు చెబుతాను. ప్రతి లెన్సుకూ ఇంతకన్నా దగ్గరగా ఫోకస్ చేయలేని ఒక హద్దు ఉంటుంది, మీ బొమ్మ మసకబారడానికి కారణం అదే. కాస్త వెనక్కి జరిగి రెండు రెట్ల జూమ్ వాడి చూడండి, వెనకనున్న సామాను కూడా తక్కువగా కనబడుతుంది. తర్వాత తెరపై వస్తువు మీద వేలును కాసేపు నొక్కి ఉంచితే చాలా ఫోన్లలో ఫోకస్, ఎక్స్‌పోజర్ స్థిరపడతాయి. అప్పుడు ఎక్స్‌పోజర్‌ను కొంచెం తగ్గించండి, ఎందుకంటే కెమెరా తనంతట తానుగా నీడలను వెలిగించాలని చూస్తుంది, మనకు కావలసినవేమో ఆ నీడలే. వెలుగునీడల తేడాను తగ్గించే హెచ్‌డీఆర్ అనే సదుపాయాన్ని ఆపే వీలుంటే ఆపి చూడండి. వెనక భాగాన్ని మసకగా చూపే పోర్ట్రెయిట్ మోడ్ మాత్రం గాజుకూ జల్లెడకూ వద్దు, ఆ మసకను ఫోన్ లెక్కకట్టి కలుపుతుంది కనుక సన్నని అంచుల దగ్గర తరచుగా పొరబడుతుంది. అన్నిటికన్నా ముందు లెన్సును మెత్తని గుడ్డతో తుడవండి. వేలిముద్రల జిడ్డు ఫోటో మీద మంచుతెర కప్పినట్టు చేస్తుంది.

సమాధానం 3

మీకు రాత్రిపూటే తీరిక అన్నారు కాబట్టి చీకటి గదిలో చేయదగిన ప్రయోగం ఒకటి చెబుతాను, ఇది నాకు ఎంతో ఇష్టమైనది. కంప్యూటరు ఎల్‌సీడీ తెర నుంచి వచ్చే కాంతి ధ్రువణం చెంది ఉంటుంది, అంటే దాని తరంగాలు ఒకే దిశలో కంపిస్తాయి. తెర నిండా తెల్లని పేజీ తెరిచి, అలాంటి కాంతిని దిశను బట్టి ఆపగల పోలరైజ్డ్ చలువ కళ్లద్దాన్ని ఫోన్ లెన్సు ముందు పట్టుకొని, తెర నల్లబడే వరకు మెల్లగా తిప్పండి. ఇప్పుడు తెరకూ కళ్లద్దానికీ మధ్య పారదర్శకమైన ప్లాస్టిక్ స్కేలునో డబ్బానో ఉంచితే, అచ్చుపోసినప్పుడు దానిలో నిలిచిపోయిన ఒత్తిళ్లు రంగుల చారలుగా బయటపడతాయి. గ్లాసులకు మరో పద్ధతి: వెనక వెలుగు, ఇరుపక్కలా నల్ల కాగితాలు ఉంచితే అంచులు నల్లని గీతల్లా తేలతాయి.

అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. ఈ వారమంతా ఉదయపు ఎండలో జల్లెడను మాత్రమే తీశాను, మొదటిసారిగా ఒక ఫోటోను నేనే పదేపదే చూసుకున్నాను. ఒక్క సందేహం మిగిలింది. జల్లెడ గోడకు దగ్గరగా ఉన్నప్పుడు వలనీడ గీసినట్టు పడుతోంది, దూరం జరిపితే అల్లిక మాయమై బూడిదరంగు వలయం మాత్రమే మిగులుతోంది. ఫోకస్‌లో నా పొరపాటేమైనా ఉందా?

సమాధానం 1 రాసినవారు

మీ పొరపాటు ఏమీ లేదండీ. సూర్యుడు మనకు చుక్కలా కాక దాదాపు అర డిగ్రీ వెడల్పున్న బింబంగా కనబడతాడు కనుక, వస్తువుకూ గోడకూ మధ్య ప్రతి మీటరు దూరానికీ నీడ అంచు సుమారు 9 మిల్లీమీటర్లు మసకబారుతుంది. 30 సెంటీమీటర్ల దూరంలోనే ఆ మసక దాదాపు 3 మిల్లీమీటర్లు ఉంటుంది, సన్నని అల్లిక చెరిగిపోవడానికి అది చాలు. జల్లెడను ఏటవాలుగా పట్టుకొని ఒక అంచును గోడకు తాకించి చూడండి, గీసినట్టున్న వల ఒకే ఫ్రేములో క్రమంగా కరిగిపోతూ కనబడుతుంది. ఆ ఫోటో తీస్తే ఇక్కడ తప్పక పెట్టండి.