ముల్లర్-లయర్ ప్రయోగంలో దోషం తగ్గింది వివరణ వల్లనా, అభ్యాసం వల్లనా?

బి.ఏ. మనోవిజ్ఞాన శాస్త్రం ప్రాక్టికల్ కోసం ముల్లర్-లయర్ భ్రమపై (సమాన పొడవున్న రెండు గీతలు చివర్లలోని బాణపు కొనల వల్ల అసమానంగా కనిపించడం) 20 మందితో ప్రయోగం చేశాను. బాణపు కొనల దిశ వల్లే ఒక గీత పొడవుగా కనిపిస్తుందని చెప్పకముందు ఒకసారి, చెప్పిన తరువాత మరొకసారి, రెండు గీతలూ సమానంగా కనిపించేదాకా పలకను జరిపించి, ప్రతి ఒక్కరి దోషాన్నీ (అసలు సమాన పొడవుతో వచ్చిన తేడాను) మిల్లీమీటర్లలో నమోదు చేశాను. రెండు కొలతలూ ఒకే వ్యక్తులవి కాబట్టి పెయిర్డ్ టీ-టెస్ట్ (జత కొలతల సగటు తేడాను పరీక్షించేది) వాడాలని, డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ 19 అయినప్పుడు టూ-టెయిల్డ్ పరీక్షలో 0.05 స్థాయికి పట్టిక విలువ 2.093 అని తెలుసు.

అసలు చిక్కు వేరే ఉంది. ఒకసారి చెప్పిన సంగతిని వెనక్కి తీసుకోలేం కనుక క్రమాన్ని తారుమారు చేయడం కుదరదు. అలాంటప్పుడు దోషం తగ్గడం వివరణ ఫలితమో, కేవలం అభ్యాస ఫలితమో ఎలా తేల్చాలి? ఏమీ చెప్పకుండా రెండుసార్లు కొలిచే నియంత్రిత సమూహాన్ని చేరిస్తే, ఇరు సమూహాల తేడాలను ఇండిపెండెంట్ టీ-టెస్ట్‌తో పోల్చడం సరిపోతుందా? మిగతావారి దోషాలు 10 మిల్లీమీటర్లలోపే ఉండగా ఒక్కరిది 31 వచ్చింది. దాన్ని తీసేయడం నాకు సబబనిపించడం లేదు, ఉంచి, విలువలకు బదులు ర్యాంకులతో లెక్కించే విల్‌కాక్సన్ పరీక్షకు వెళ్లవచ్చా? తెలిసినవారు దయచేసి వివరించగలరు.