పాత రాతి మండపానికి సిమెంటు పూయాలా, ముందు రాయి పరీక్ష చేయించాలా?

గుంటూరు వాసి:
మా ఊరి గుడి ముందు పాత రాతి మండపం ఉంది. అతుకుల్లో సున్నం రాలిపోయి, వాన పడితే లోపల కారుతోంది. శ్రావణమాసం లోపు సిమెంటు పూయించేద్దామని పెద్దలు. ముందు రాయినీ పాత సున్నాన్నీ ల్యాబ్‌లో చూపిద్దామని నేను. ‘రాయికి టెస్టులేంట్రా’ అని కసిరారు. నాది చాదస్తమా?

తెనాలి మేస్త్రి:
చాదస్తమనను తమ్ముడూ, కానీ వాన ఆగదు కదా. ముప్పై ఏళ్లుగా తాపీ పట్టుకున్నాను. సిమెంటు త్వరగా బిగుస్తుంది. గానుగ ఆడించి, కరక్కాయ నీళ్లు కలిపి సున్నం చేసే ఓపిక ఇప్పుడెవరికుంది? రిపోర్టు వచ్చేలోపు దూలం జారితే?

బెజవాడ జియాలజీ:
మేస్త్రిగారూ, దూలం జారేలా ఉంటే ఇవాళే సరుగుడు బాదులు నిలబెట్టండి. దానికి ఏ రిపోర్టూ అక్కర్లేదు. అతుకుల్లో ఏం నింపాలన్నదే నా బాధ. సున్నం అతుకు తడిని బయటికి వదులుతుంది. గట్టి సిమెంటు అంతగా వదలదు, తడి రాయిలోంచి దారి వెతుక్కుంటుంది. సిమెంటులోని లవణాలూ దాంతోపాటే రాయిలోకి చేరి, ఆరినప్పుడు స్ఫటికాలై పొరల్ని లోపలినుంచి నెడతాయి. చవుడు పట్టిందంటామే, అదే.

మా వీధి గుడిలో ఓ స్తంభం మొదట్లో సిమెంటు మెత్తారు. మెత్తిన చోటు చెక్కుచెదరలేదు. జానెడు పైన తామర రేకుల చెక్కడాన్ని వేలితో రాస్తే పిండిలా రాలింది. ఆ రేకులు మళ్లీ రావు.

ఏ రాయో తెలియాలి కూడా. కొండరాయి వేరు, పలనాటి సున్నపురాయి వేరు. అమరావతి స్తూపం పలకలు ఆ సున్నపురాయే. 1797లో ఈస్టిండియా కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ వచ్చేనాటికే జనం ఇళ్ల కోసం ఆ రాళ్లు పీక్కుపోతున్నారు, సున్నానికి కాల్చినవీ ఉన్నాయి. రాలిన పెచ్చు మీద పలచటి యాసిడ్ చుక్క వేస్తే సున్నపురాయి బుసబుస పొంగుతుంది. చెక్కడం మీద మాత్రం వేయొద్దు. ల్యాబ్‌లో పెచ్చును 0.03 మిల్లీమీటర్ల మందానికి అరగదీసి మైక్రోస్కోపులో చూస్తే ఖనిజాలు, పగుళ్లు తెలుస్తాయి. పాత సున్నంలో ఇసుక ఎంత పాలు కలిపారో కూడా తేలుతుంది.

తెనాలి మేస్త్రి:
చవుడు సంగతి నిజమే, నేనూ చూశాను. కానీ కప్పు మీద వాననీళ్లు నిలిచే చోట ఉత్త సున్నం ఆగుతుందంటే ఇప్పటికీ ఒప్పుకోను. సున్నం పిడుగురాళ్లలో దొరుకుతుంది, కలిపే చేతులే లేవు.

గుంటూరు వాసి:
మేస్త్రిగారూ, కలపడం మీరు నేర్పితే మా కుర్రాళ్లం నలుగురం వస్తాం. రేపు కప్పు మీద టార్పాలిన్ కట్టి, కింద రాలిన పెచ్చులు ఏరి సంచిలో వేస్తాను. ఏ స్తంభం దగ్గరివో విడివిడిగా రాసి పెట్టాలా, జియాలజీ గారూ?

బెజవాడ జియాలజీ:
తప్పకుండా. ఏరకముందే ఫొటో కూడా తీయండి.